నూనె వేయని గిలక

నోరు మూసుకుని చేయాల్సిన ఉద్యోగం నాకు దొరికిందని తెలిసినప్పుడు మా అత్తయ్య పడ్డ సంబరం అంతా ఇంతా కాదు. "జీతమిచ్చి మరీ నోరు మూయిస్తారా! ఎంత మంచివాళ్ళే!" అని గుమ్మంలో నిలబడి వీధి చివరిదాకా వినపడేలా అంది. ఆవిడకు చెవుడు. తనకు వినపడని మాట ఎదుటివాళ్ళకూ వినపడదేమోనని ఆవిడ అనుమానం. అందుకే ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినా ఊరికి దండోరా వేసినట్టే ఉంటుంది.

ఉద్యోగం చిరుతకూనను సాకడం. మా కాలనీ అడవి అంచున ఉంటుంది. ఇళ్ళ వెనక ముళ్ళకంచె, కంచె అవతల కొండలు. ఆ కొండల్లో చిరుతలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. వాటిలో ఒకటి, ఎవరో విషం పూసి పడేసిన మేక కళేబరం తిని చచ్చిపోయింది. ఇంకా పాల కోసం దాని పొట్ట దగ్గర వెతుక్కుంటున్న కూన మా ఆయనకు దొరికింది. ఆయన అటవీశాఖలో ట్రాకరు. జంతువుల అడుగుజాడలు పట్టుకుని తిరగడం ఆయన పని. కూనను చొక్కాలో చుట్టుకుని తెచ్చి, కొండ కింద సంరక్షణ కేంద్రంలో డాక్టరమ్మ చేతిలో పెట్టాడు.

డాక్టరమ్మ ముక్కుసూటి మనిషి. మొదటి రోజే నాతో చెప్పింది. "దీనికి పేరు పెట్టొద్దమ్మా. పేరు పెడితే పిలవాలనిపిస్తుంది. పిలిస్తే వస్తుంది. మనిషి పిలిస్తే వచ్చే చిరుత ఎక్కువ కాలం బతకదు."

పాల సీసా పట్టినన్నాళ్ళూ నేను ముఖానికి గుడ్డ కట్టుకునేదాన్ని. పాలు మానగానే కూనను ఎత్తు గోడల పెద్ద దొడ్లోకి వదిలారు. లోపల చెట్లు, బండలు, చిన్న మడుగు. దానికి మనిషి కనపడకూడదు, వినపడకూడదు, మనిషి వాసన తగలకూడదు. నేను ఒంటికి సబ్బు రాసుకోవడం మానేశాను, తలకు నూనె మానేశాను. పేడ, ఆకు పసరు పట్టించిన గోనె ముసుగు తల నుంచి కాళ్ళదాకా కప్పుకునేదాన్ని. గోడ దగ్గర మాట లేదు, దగ్గు లేదు, ఆవలింత వచ్చినా మింగడమే. మాంసం బక్కెట్లో పెట్టి, గోడ మీది గిలకకు తగిలించిన తాడుతో లోపలికి దించాలి. గోడకున్న కన్నంలోంచి అది తినేది లేనిది చూడాలి. ఆ గిలక తిరిగినప్పుడల్లా కీచుమని ఏడ్చేది. దానికి నూనె వేద్దామని నేను సైగ చేస్తే, డాక్టరమ్మ చేతులు అడ్డంగా ఊపింది. నూనె కూడా మనిషి వాసనే.

మౌనం మెల్లగా ఇంటికి కూడా వచ్చేసింది. ఇంట్లోనూ సగం సైగలే. "ఏమే, మొగుడితో మాట్లాడ్డానిక్కూడా డాక్టరమ్మ పర్మిషన్ కావాలా?" అని మా ఆయన ఏడిపించేవాడు. అత్తయ్యకు మాత్రం నా సైగలు బాగా కుదిరాయి. "ఇన్నాళ్ళకు మా కోడలి మాట నాకు అర్థమవుతోంది" అనేది. కూన గురించి అడగాలంటే, "నీ పెంపుడు కూతురు తిందా?" అని అడిగేది.

పెంపుడు కూతురు నిండు చిరుత అయింది. ఆ వేసవి మొదట్లో, మెడకు రేడియో పట్టీ కట్టి, దాన్ని కొండల్లో వదిలిపెట్టారు. బోను తలుపు తెరిచినప్పుడు నేను లేను, ఉండకూడదు కూడా. మా ఆయన వచ్చి చెప్పాడు. "వెనక్కి తిరిగి కూడా చూళ్ళేదే. గుట్ట ఎక్కేసింది." నేను సంతోషంతో ఏడ్చాను. కేంద్రం నుంచి ఒక కూన అడవికి తిరిగి వెళ్ళడం అదే మొదటిసారి. దాని వల్ల ఆ కొండల్లో మళ్ళీ నాలుగు కూనలు పుడతాయని డాక్టరమ్మ లెక్క. ఆ రోజు తలకు నూనె రాసుకుని, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని, చాలా కాలం తర్వాత మనిషిలా నిద్రపోయాను.

మా ఆయన రోజూ పొడుగాటి యాంటెన్నా పట్టుకుని కొండలెక్కేవాడు. చిరుత మెడలోని పట్టీ ఎటువైపు ఉంటే అటు తిప్పినప్పుడు చేతిలోని పెట్టె టిక్కు టిక్కుమంటుంది. దూరంగా ఉంటే ఆ చప్పుడు చెవి రిక్కించి వినాలి. ఇంట్లో పాతది ఇంకో పెట్టె ఉండేది. బ్యాటరీ బాగుందో లేదో చూడ్డానికి దాన్ని వేసి గూట్లో పెట్టేవాడు. యాంటెన్నా లేకుండా దానికి కొండలు ఎక్కడ వినపడతాయి! మూగ పెట్టె. నేను దాని మీద దువ్వెన పెట్టుకునేదాన్ని.

ఒక సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. ఇంకా ఎండ పోలేదు. గూట్లో పెట్టె టిక్కుమంది.

బ్యాటరీ అయిపోవచ్చిందనుకున్నాను. మళ్ళీ టిక్కుమంది. మళ్ళీ. చెవి రిక్కించే పనే లేదు, గోడ గడియారంలా కొడుతోంది. దువ్వెన తీసి చూశాను. యాంటెన్నా లేదు. యాంటెన్నా లేకుండా అంత గట్టిగా మోగాలంటే పట్టీ ఎంత దగ్గరుండాలో మా ఆయన ఒకసారి నవ్వుతూ చెప్పాడు. "అప్పుడు పెట్టె అక్కర్లేదు, తల తిప్పి చూస్తే చాలు" అని.

తల తిప్పి కిటికీలోంచి చూశాను. పెరట్లో మా అత్తయ్య నీళ్ళు తోడుతోంది. వీధిలోంచి చూసే ఎవరికైనా అది రోజూ ఉండే పెరడే. నూతి గట్టు, గట్టు మీద రెండు ఖాళీ బిందెలు, తాడు లాగుతున్న ముసలామె. ఆవిడ వెనక, బట్టలుతికే బండ పక్కన, చిరుత కూర్చుని ఉంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మా అత్తయ్యకు ముందు నుయ్యి, వెనక చిరుత. ఆ సంగతి ఆవిడకు తెలియదు. తాడు చివర బక్కెట్టు బరువుకు మూలుగుతూ, కొడుకునో నన్నో గట్టిగా తిట్టుకుంటోంది. అరవాలి. అరిస్తే ఆవిడకు వినపడదు. చిరుతకు వినపడుతుంది. అరిచిన నా మీదకు వస్తుందా, ఎదురుగా ఉన్న ఆవిడ మీద పడుతుందా? పైగా నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ జంతువు ఉన్న చోట మాట్లాడకూడదని నా గొంతుకు అంతగా అలవాటైపోయింది.

అప్పుడు గమనించాను. అది అత్తయ్యను చూడటం లేదు. ముందు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, మెడ కొంచెం వంచి, పైకి చూస్తోంది. గోడ కన్నంలోంచి రోజూ చూసిన కూర్చోవడమే అది. మా నూతి గిలక కీచుమంటూ తిరుగుతోంది. చిరుత ఆ గిలకను చూస్తోంది. బక్కెట్టు వస్తుందని కూర్చుంది.

అంతా అర్థమైంది. మనిషి ముఖం దాచాం, గొంతు దాచాం, వాసన దాచాం. గిలక ఏడుపును మాత్రం రోజూ అన్నం గంటలా దాని చెవుల్లో మోగించాం. నూనె వేస్తే వాసన వస్తుందని ఆ ఏడుపును జాగ్రత్తగా కాపాడి మరీ వినిపించాం. ప్రతి పెరట్లోనూ ఒక గిలక ఉంది. ప్రతి గిలక కిందా ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.

బక్కెట్టు పైకి వస్తోంది. అందులో నీళ్ళే ఉంటాయి. మాంసం లేదని తెలిశాక అది ఏం చేస్తుందో నాకు తెలియదు. చేతికి దొరికిన ఇత్తడి పళ్ళెం తీసుకుని, కిటికీ ఊచల సందులోంచి పెరట్లోకి విసిరాను. రాళ్ళ మీద పడి ఖంగుమంది. చిరుత లేచి పళ్ళేన్ని చూసింది, కిటికీ వైపు చూసింది. తర్వాత తొందరేమీ లేకుండా నడిచి వెళ్ళి, ప్రహరీ ఎక్కి అవతలికి దూకింది. పారిపోలేదు. దానికి మేమంటే భయం లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ వణికించింది అదే.

అత్తయ్య బక్కెట్టు గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి పళ్ళేన్ని చూసింది. "ఏమే, చేతుల్లోంచి జారి ఇంత దూరం వచ్చిందా?" అంది. నేను బయటికి వెళ్ళి బిందెలు తీసుకుని, ఆవిడను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి తలుపు గడియ పెట్టాను. ఏమీ చెప్పలేదు.

రాగానే మా ఆయనకు చెప్పాను. నమ్మనట్టు మొహం పెట్టి, టార్చి తీసుకుని పెరట్లోకి వెళ్ళి, బండ పక్కన మట్టిలో పడ్డ అడుగుజాడల ముందు చాలాసేపు కూర్చుండిపోయాడు. మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. నేను చెప్పిందంతా విని, మా నూతి దగ్గరకు వెళ్ళి, తాడు పట్టుకుని తనే ఒకసారి లాగింది. గిలక కీచుమంది.

"నూనె వద్దన్నది నేనే" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "ఇవాళే ఊరంతా నూనె వేయించు."

ఆయన నూనె డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. జనం నవ్వారు. "గవర్నమెంటు నూనె మాకెందుకయ్యా, జుట్టుకు రాసుకుంటాం ఇటివ్వు" అన్నారు. అసలు సంగతి చెబితే నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నుంచి సాయంత్రాలు వీధిలో పిల్లలు లేరు. ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా నీళ్ళు తోడారు, ఒకరు తాడు లాగుతుంటే ఒకరు వెనక్కి తిరిగి నిలబడి. మా వీధిలో ఎవరు ఎదురైనా ముందు నా మొహం చూసేవాళ్ళు, తర్వాత చూపు తిప్పుకునేవాళ్ళు. అది వాళ్ళకు చిరుత కాదు. మా చిరుత.

మా కాలనీ గిలకలు నోరు మూశాయి సరే. చేలల్లో బావులకు, గొడ్ల పాకల దగ్గరి బావులకు, పక్క ఊళ్ళకు ఎంత నూనె పోస్తాం? గుండె గుప్పిట్లో పెట్టుకుని రోజులు లెక్కపెట్టాను. చివరికి వార్త మేకలాయన పాక నుంచే వచ్చింది.

మేకలాయన మా కాలనీకి అవతల, కొండ వాలులో మంద పెట్టుకుని ఉంటాడు. పొద్దున్నే మేకలకు నీళ్ళు తోడుతుంటే చిరుత వచ్చి బావి దగ్గర కూర్చుందట. ఆయన తాడు వదిలేసి పాకలో దూరాడు. మేకలు బెదిరి చెల్లాచెదురయ్యాయి, ఒకదాన్ని అది ఎత్తుకుపోయింది. పరిహారం ఇప్పిస్తామని మా ఆయన ఇంటికి పిలిచి కూర్చోబెట్టాడు. మేకలాయన కుర్చీ అంచున కూర్చున్నాడు, కాఫీ ముట్టుకోలేదు.

"మేక పోతే పోయింది బాబూ. మేకను చిరుత తినకపోతే ఎవరు తింటారు?" అన్నాడు. "నేను తాడు లాగుతుంటే నా పక్కన కూర్చుంది, పెళ్ళాంలాగా. ఎన్ని చిరుతల్ని చూశాను! నన్ను చూస్తే పారిపోవాలి గదా అది? పారిపోనిది చిరుత కాదు. అదేంటో నాకు తెలీదు."

"కొంచెం టైమివ్వండి బాబాయ్" అన్నాడు మా ఆయన.

మేకలాయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఎవరి వైపూ చూడకుండా, "దీని తల్లికి పెట్టిన మందు ఇంకా మిగిలే ఉందంట. ఎవరి దగ్గరుందో మాత్రం నన్నడక్కండి" అని వెళ్ళిపోయాడు.

నేను వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పటిదాకా నా భయం ఒక్కటే, అది ఎవరి మీదైనా పడుతుందేమోనని. ఇప్పుడు రెండో భయం వచ్చి దాని పక్కన కూర్చుంది. పొద్దున పెట్టె మోగితే అది మనుషులకు దగ్గరైందని భయం. మోగకపోతే ఎక్కడో పొదలో నురగలు కక్కుకుంటూ పడి ఉందేమోనని భయం.

గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఎవరో అత్తయ్యకు జరిగింది చెప్పేశారు. వీధిలో చేతులతో నటించి మరీ చూపించారట. ఆవిడ ఇంట్లోకి వచ్చి నా ముందు నిలబడింది.

"నా వెనక చిరుత కూర్చుంటే చెప్పవా?"

"చెబితే మీకు వినపడేది కాదు అత్తయ్యా" అన్నాను పెదవులు కదిలేలా.

ఆవిడ తిట్టబోయి ఆగిపోయి, ఫక్కున నవ్వింది. నవ్వుతూనే మంచం మీద కూలబడింది. చేతులు ఒళ్ళో ఒకదాని కింద ఒకటి దాచుకుంది. ఆ తర్వాత ఆవిడ పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేదు. నేను నీళ్ళు తోడుతుంటే వచ్చి నా వీపుకు వీపు ఆనించి నిలబడేది. పెళ్ళయిన దగ్గర్నుంచి మేమిద్దరం అంత దగ్గరగా నిలబడింది అదే మొదలు. గోడ వైపు చూస్తూ, కంఠం తగ్గించానని తను అనుకుంటూ, "ఇంకా ఎంతసేపే?" అని అరిచేది.

డాక్టరమ్మ పెద్దాఫీసుకు వెళ్ళి తిరిగొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంకొక్కసారి అది మనుషుల బావి దగ్గర కనపడితే తుపాకులవాళ్ళను పంపిస్తామన్నారు. పట్టి బోనులో పెడదామంటే, చచ్చేదాకా ఆ బోనే. నేనొకటి అడిగి వచ్చాను. చివరి అవకాశం."

"ఏంటది?" అన్నాడు మా ఆయన.

"భయం నేర్పడం." ఆవిడ నా వైపు తిరిగింది. "అది గిలక పిలిస్తే వస్తోంది. రానిద్దాం. వచ్చాక గిలక కింద మనిషి కనపడాలి. మనిషి గొంతు వినపడాలి. ఒంటికి నొప్పి తగలాలి. జన్మలో ఆ చప్పుడు వింటే కొండెక్కేయాలి. తాడు నువ్వే లాగాలమ్మా. నీ చేతి లాగుడు దానికి తెలుసు. ఎప్పుడు ఆగుతావో, ఎప్పుడు దించుతావో అంతా తెలుసు. వేరేవాళ్ళు లాగితే అనుమానపడుతుంది."

"ముసుగు?"

"ముసుగు లేదు. నూనె రాసుకుని, సబ్బుతో స్నానం చేసి రా."

నేను సరేనన్నాను. ఇంకేమంటాను? నా బిడ్డలాంటిది నన్ను చూసి పారిపోతేనే బతుకుతుందని తెలిశాక, కాదనడానికి నోరెలా వస్తుంది?

కాలనీకి, కొండకు మధ్య ఒక పాడుబడ్డ బావి ఉంది. దొడ్డి గోడ మీది గిలకనే ఊడదీసి తెచ్చి దాని మీద బిగించారు. తెల్లవారుతుండగా వెళ్ళాం. కూలిన గోడ వెనక మా ఆయన, ఇద్దరు గార్డులు రబ్బరు గుళ్ళ తుపాకులతో కూర్చున్నారు. వాళ్ళ దగ్గరే వాయించడానికి ఖాళీ రేకు డబ్బాలు. డాక్టరమ్మ మత్తుసూది తుపాకీతో జీపులో ఉంది. పక్కన మా అత్తయ్య. వద్దంటే వినలేదు. ఆవిడ ఎప్పుడు విన్నది గనక! "నా వెనక కూర్చున్నప్పుడు చూళ్ళేదు. ఇప్పుడైనా చూడనీండి" అని వచ్చి ఎక్కి కూర్చుంది.

డాక్టరమ్మ చెప్పింది ఇంతే. ఖాళీ బక్కెట్టు గట్టెక్కగానే నేను కేక పెట్టాలి. నా కేకే గుర్తు. అప్పుడు గుళ్ళు, డబ్బాలు. అది పరుగెత్తుతున్నంతసేపూ నేను తాడు వదలకూడదు, గిలక తిప్పుతూనే ఉండాలి.

తాడు పట్టుకున్నాను. మొదటి లాగుడుకు గిలక కీచుమంది. బక్కెట్టు దించాను, తోడాను, దించాను. ఎండ పొడ కొండ మీద పడింది. పక్షులు ఒక్కసారిగా అరవడం మానేశాయి.

అది పొదల్లోంచి రాలేదు, దారి వెంట వచ్చింది, సొంత ఇంటికి వస్తున్నట్టు. బావికి ఎదురుగా ఆగి, ముందు కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. మెడ వంచి గిలకను చూసింది. పట్టీ కింద బొచ్చు అణిగిపోయి ఉంది. చిక్కింది. నా కూన చిక్కిపోయింది, నేను దాన్ని చూసి మొదట అనుకున్నది అదే.

బక్కెట్టు గట్టెక్కింది. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. చిరుత లేచింది. బక్కెట్టు దగ్గరకు వచ్చి లోపల వాసన చూసింది. ఖాళీ. అప్పుడు తలెత్తి, మొట్టమొదటిసారి నా ముఖాన్ని చూసింది.

కన్నంలోంచి చూసిన కళ్ళు వేరు. ఇవి నా నడుం దగ్గరున్నాయి. దాని ఊపిరి నా చేతులకు తగులుతోంది. కూలిన గోడ వెనక ఎవరూ కాల్చరని నాకు తెలుసు, వాళ్ళకూ దానికీ మధ్య నేనున్నాను. అది నా చెయ్యి వాసన చూసింది. నూనె, సబ్బు, చెమట. దానికి ఏమీ తెలియని వాసన. పెదవి పైకి లేచి పళ్ళు కనపడ్డాయి. నా మెదడులో ఒక్కటే మాట తిరుగుతోంది. మాట్లాడకూడదు, మాట్లాడకూడదు, మాట్లాడకూడదు.

"అరవవే పిచ్చిదానా!"

జీపు అద్దం దించి మా అత్తయ్య పెట్టిన కేక అది. నేను అరిచానో లేదో ఆవిడకు వినపడదు. నా పెదవులు కదలడం లేదని చూసింది. ఆ గొంతుకు చిరుత ఒక్క అడుగు వెనక్కి వేసింది, నాలో ఏదో తెగిపోయింది.

"పో!" అన్నాను. తర్వాత ఆగలేదు. "పో! సిగ్గు లేదూ? ఎవరింటికి వచ్చావ్? ఎవరు పిలిచారు నిన్ను? ఇక్కడ నీకేమీ లేదు, నీకు పెట్టేవాళ్ళు ఎవరూ లేరు, పోయి సంపాదించుకు తిను! మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా! పో!" కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తయ్య దగ్గర తిన్న తిట్లన్నీ ఎక్కడ దాచుకున్నానో, వరసగా నా నోట వచ్చాయి. చిరుత చెవులు వెనక్కి అణిచి పక్కకు తిరిగింది. అంతే, గోడ వెనక నుంచి తుపాకులు పేలాయి, డబ్బాలు మోగాయి.

మొదటి గుండు పిరుదుకు తగలగానే అది కుయ్యిమంది. చిన్నప్పుడు పాల సీసా ఆలస్యమైతే చేసిన చప్పుడే. ఎగిరి పడింది, లేచింది, ఎటు పోవాలో తెలియక మళ్ళీ నా వైపే ఒక్క క్షణం చూసింది. ఇంకో గుండు. నేను తాడు లాగుతూనే ఉన్నాను. గిలక ఏడుస్తూనే ఉంది. అది రాళ్ళ మీదుగా, తుప్పల మీదుగా పడుతూ లేస్తూ గుట్ట ఎక్కుతోంది. నేను కేకలు పెడుతూ, ఏడుస్తూ, బక్కెట్టును పైకీ కిందికీ ఆడిస్తూనే ఉన్నాను. చివరికి మా ఆయన వచ్చి నా వేళ్ళను ఒక్కొక్కటే తాడు మీద నుంచి విడదీశాడు.

జీపులో మా అత్తయ్య నా తలను ఒళ్ళో పెట్టుకుంది. "గట్టిగానే అరిచావా?" అని అడిగింది. తలూపాను. "నాక్కూడా వినపడినట్టే అనిపించిందిలే" అంది.

తర్వాతి రోజుల్లో మా ఆయన కొండల్లోనే ఉన్నాడు. పెట్టె చప్పుడు రోజురోజుకీ సన్నబడింది, అంటే అది పైకి, లోపలికి వెళుతోంది. డాక్టరమ్మ ఇంకో పరీక్ష పెట్టింది. చిరుత తిరిగే లోయ అంచున గిలక తిప్పించి, యాంటెన్నాతో విన్నారు. గిలక కీచుమన్న కాసేపటికి ఆ టిక్కు టిక్కు దూరమైపోయి, ఇక వినపడలేదు. డాక్టరమ్మ అక్కడే రాయి మీద కూర్చుని కళ్ళు తుడుచుకుందని మా ఆయన చెప్పాడు. తుపాకులవాళ్ళు రాలేదు. వానలు మొదలయ్యే ముందు, అది తనంత తానే వేటాడి తిన్న అడవిపంది ఎముకలు దొరికాయి. కేంద్రంలోకి ఇంకో తల్లి లేని కూన వచ్చింది. ఈసారి మాంసం దించే చోట గిలకే పెట్టలేదు. నన్ను రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. వంటపనికి కుదిరాను, మాట్లాడుతూ చేసే పని.

మొదటి వాన పడ్డ మర్నాడు మేకలాయన వచ్చాడు. ఈసారి కాఫీ తాగాడు. పెరట్లోకి వెళ్ళి మా నూతి తాడు లాగి చూశాడు. నూనె వేసిన గిలక మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగింది.

"దీన్నిలా ఉంచుతారేంటి?" అన్నాడు. "నేనైతే నాదాన్ని బూడిదతో తోమి ఎండబెట్టేశా. చెవులు చిల్లులు పడేట్టు అరుస్తోంది. నా మేకలకు దాన్ని మించిన కాపలా ఏముంది?"

ఆ మాట వీధంతా పాకింది. నూనె కోసం నవ్విన ఇళ్ళే ఇప్పుడు గిలకలకు బూడిద పట్టించాయి. మా అత్తయ్య స్టూలెక్కి మా గిలకను తనే తోమింది. ఇప్పుడు మా కాలనీలో పొద్దున, సాయంత్రం ప్రతి పెరట్లోనూ ఒక గిలక ఏడుస్తుంది. వినేవాళ్ళకు అది కాపలా. నాకు మాత్రం ఆ తాడు పట్టుకున్న ప్రతిసారీ ఆ గుట్ట, ఆ కుయ్యిమన్న చప్పుడు గుర్తొస్తాయి. రోజూ రెండు పూటలా, ఎక్కడో కొండ మీదున్న దానికి నేను శత్రువునని నా చేత్తోనే చెప్పి పంపిస్తున్నాను. విని భయపడుతుంటే బతికి ఉన్నట్టు.

అత్తయ్య ఇప్పటికీ వచ్చి నా వీపుకు వీపు ఆనించి నిలబడుతుంది. ఇక అవసరం లేదని ఎవరు చెప్పినా ఆవిడకు వినపడదు. నేను తాడు ఒకసారి లాగగానే మెడ తిప్పి, నా పెదవులు చూస్తూ అడుగుతుంది.

"అరుస్తోందా?"

"అరుస్తోంది అత్తయ్యా."

"దానికి వినపడేంత గట్టిగానేనా?"

నేను కొండ వైపు చూస్తాను. గూట్లో పెట్టె మూగగా ఉంటుంది.

"గట్టిగానే."

"అయితే లాగు."